ఎండకు వంగిన రికార్డులు

పోయిన నెల బ్నీద్ అల్ గార్‌లో ఒక కాఫీ షాపుకు తెరలు కట్టడానికి పోయి, కట్టకుండానే తిరిగి వచ్చాను. ఈ కువైట్‌లో నా జుట్టు నెరిసింది గానీ, ఒప్పుకున్న పని మధ్యలో వదిలి రావడం అదే మొదటిసారి. ఫహాహీల్‌లో నేను కుట్టుపని చేసే షాపు చూసుకునే బాషా భాయ్, మా పక్క ఊరు రాయచోటి మనిషి, ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నాడు. ఆయన్ను తప్పు పట్టను. శుక్రవారాలు మా తెలుగువాళ్లం నలుగురం కూడినప్పుడు నేను రాసుకొచ్చింది చదివి వినిపించడం అలవాటు. వాళ్లు “ఏమైందక్కా, ఎందుకట్లా ఉన్నావు” అని అడిగారు. నోటితో చెబితే సగం తిట్లే అవుతాయి, అసలు సంగతి తిట్ల కింద పడి పోతుంది. అందుకే రాస్తున్నాను.

ఆ షాపులో కాఫీ ఒక వంక మాత్రమే. అసలు సరుకు గ్రామఫోన్ రికార్డులు. మూడు గోడలకు నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, వాటి నిండా అట్టపెట్టెల్లో నల్లటి రికార్డులు. మధ్యలో రెండు ప్లేయర్లు, మనిషెత్తు స్పీకర్లు. ఫోన్లో పాటలన్నీ ఊరికే దొరికే ఈ రోజుల్లో కుర్రకారు మళ్లీ రికార్డుల మీద పడ్డారట. మోత బయటికి పోకుండా కిటికీలకు మందపాటి మఖ్మల్ తెరలు కావాలన్నారు. నేను నిచ్చెన ఎక్కి రాడ్డుకు కడియాలు ఎక్కిస్తున్నాను. కింద యజమాని తన స్నేహితులకు షాపు చూపిస్తున్నాడు. గడ్డం సగం నెరిసింది, కడుపు ముందుకు వచ్చింది, అయినా ఆ నిలబడే తీరు చూడగానే ఎక్కడో తగిలింది. ఎక్కడని గుర్తుకు వచ్చేలోపే వాళ్లంతా నాలుగో గోడ దగ్గరికి చేరారు. ఆ గోడ మీద ఒకే ఒక్క అద్దాల చట్రం, పైన దానికోసమే పెట్టిన చిన్న దీపం. చట్రంలో ఒక రికార్డు. నూనెలో వేసిన అప్పడంలా అంచులన్నీ పైకి లేచి, మెలి తిరిగి ఉంది.

“ఇది మా ఇంటి కథ,” అన్నాడు అతను, ఇంగ్లీషూ అరబ్బీ కలిపి. “మా అక్క అమెరికా నుంచి తెచ్చుకున్నవి. మాకొక ఇండియా పనిమనిషి ఉండేది. ఒకరోజు వాటన్నిటినీ శుభ్రంగా సబ్బుతో కడిగి, మిద్దెమీద ఎండలో ఆరేసింది. జూలై ఎండ. ఎందుకలా చేశావంటే ఏమందో తెలుసా? వాళ్ల ఊళ్లో డప్పును మంట దగ్గర కాచి వాయిస్తారట. కాస్తే బాగా మోగుతుందని కాచిందట.” వాళ్లు నవ్వారు. ఒక అమ్మాయైతే పక్కవాడి భుజం పట్టుకుని మరీ నవ్వింది. అతను ఆ కథ చెప్పడం అదే మొదటిసారి కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ సాధన చేసిన మనిషిలా చెప్పాడు. నేను నిచ్చెన మీద రాడ్డు పట్టుకుని నిలబడిపోయాను. ఆ పనిమనిషి మా పెద్దమ్మ నాగమ్మ. అతను సాలెం. ముబారక్ అల్ కబీర్‌లో నేను నాలుగేళ్లు అన్నం తిన్న ఇంటి కొడుకు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందన్నారు పెద్దలు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మంటలు లేచాయి. ఇంతకాలం వాళ్లు మమ్మల్ని మరిచిపోయి ఉంటారనుకున్నాను, అదే నయమనిపించేది కూడా. మరిచిపోలేదు. చట్రం కట్టి, దీపం పెట్టి, కాఫీతో పాటు వడ్డిస్తున్నారు.

ఆ ఇంటికి నన్ను పిలిపించింది పెద్దమ్మే. అమ్మకు అక్క. మొగుడు పోయాక ఆమె ముందు వచ్చింది, రెండేళ్లకు నాకు వీసా తీయించింది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, గడప దాటిన అనుభవం కడప దాకానే. విమానం దిగి ఆ ఇంట్లో అడుగు పెట్టగానే మొదట తగిలింది వాసన: ఎండు నిమ్మకాయలు, ఏలకులు, బొగ్గుల మీద వేసిన బఖూర్ పొగ. పొగ మన సాంబ్రాణి పొగలాంటిదే గానీ ఇంకా తియ్యగా, మత్తుగా ఉంటుంది. గురువారం సాయంత్రం పెద్దమ్మ ఆ ధూపం చేత్తో పట్టుకుని గదిగదికీ తిప్పేది. పొద్దున లేచి కాళ్లు కడుక్కోనిదే వంటింట్లోకి అడుగు పెట్టేది కాదు. వాళ్ల మచ్బూస్ అన్నం వాళ్లకంటే బాగా వండేది. శుక్రవారం మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతే మా ఇద్దరికీ గుప్పెడు రాగిపిండితో సంగటి కెలికి, పచ్చిమిరపకాయలు నూరేది. యజమానురాలిని అందరిలాగే మేమూ మామా అనేవాళ్లం. ఆమె నోటికి మా పేర్లు తిరగవు. నాగమ్మ నజ్మా అయింది, సుజాత సూజీ అయింది. మొదటివారమే పెద్దమ్మ నాకు చెప్పింది: “పేరుతో ఏముండాది మే. పిలిస్తే పలుకు, పిలవకుంటే గమ్మునుండు.” ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఆ ఇంటి పెద్దకూతురు నూరా. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అమెరికాలో డెట్రాయిట్ అనే ఊరి దగ్గర చదువుకుని, డిగ్రీతో పాటు నాలుగు పెట్టెల రికార్డులు తెచ్చుకుంది. కింది అంతస్తులో, మగవాళ్లు కూర్చునే దివానియా వెనక ఒక చిన్న గదిలో వాటిని పెట్టుకుంది. మొదటిసారి ఆ గది ఊడుస్తున్నప్పుడు విన్నాను. పాట లేదు, మాట లేదు, వేణువూ వీణా లేవు. దంచినట్టు ఒకటే దెబ్బ, దాని మీద ఇంకో సన్న దెబ్బ, వాటి మధ్య ఏదో లోహం గీకిన చప్పుడు. మా ఊళ్లో వేరుశనక్కాయలు వొలిచే మిషను ఇలాగే కొట్టుకునేది. చీపురు పట్టుకుని నిలబడి ఉంటే నా కాలి బొటనవేలు దానంతటదే లేచి పడుతోంది. నూరా అది చూసింది. తలుపు మూసి, ఇంకో రికార్డు పెట్టింది.

తర్వాత తర్వాత నాకు అరబ్బీ పట్టుబడ్డాక ఆమె చెప్పేది. దాని పేరు టెక్నో. డెట్రాయిట్ కార్లు చేసే ఊరు. ఫ్యాక్టరీల్లో పనికని దక్షిణాది పొలాల నుంచి నల్లవాళ్లు వేలల్లో వచ్చి చేరారు, మనం కువైట్ వచ్చినట్టే. వాళ్ల పిల్లల కాలానికి మనుషుల చోట మిషన్లు వచ్చాయి, ఫ్యాక్టరీలు ఒకటొకటే మూతపడ్డాయి, ఊరు సగం ఖాళీ అయింది. ఆ పిల్లలే ఎవరూ కొనక చవగ్గా అమ్మేసిన, తాళం వాయించే మిషన్లు తెచ్చుకుని, ఇళ్ల కింద గదుల్లో కూర్చుని ఈ సంగీతం కట్టారు. తండ్రుల పొట్టకొట్టిన మిషను చేత పాడించారన్నమాట. సొంతంగా రికార్డులు అచ్చు వేయించి, కారు డిక్కీలో పెట్టుకుని షాపు షాపుకూ తిరిగి ఇచ్చారు. నూరా ఒక రికార్డు చూపించింది, ముల్లు బయటి అంచున కాదు, నడిమధ్యన పెట్టాలి. అది లోపలి నుంచి బయటికి తిరుగుతుంది. “ఎందుకిలా?” అంటే, “వాళ్ల ఇష్టం. ఎవరో చెప్పినట్టు ఎందుకు తిరగాలి?” అంది. అదేదో నా గురించే చెప్పినట్టు మురిసిపోయాను.

పెద్దమ్మ ఆ గదిలోకి వచ్చేది కాదు. గోడ అవతల వంటింట్లో ఉండేది. ఒకరోజు నేను పోయేసరికి పొయ్యి తగ్గించి, అరచేయి గోడకు ఆనించి నిలబడి ఉంది. “ఇది తప్పెటే కదమ్మే,” అంది. “మా నాయన రెండు పుల్లలతో ఇట్లనే కొడ్తాండె. లావు పుల్ల అడుగు దెబ్బకు, సన్నపుల్ల పైదెబ్బకు.” మాది తప్పెట కొట్టే ఇల్లు, మా వైపు డప్పును తప్పెట అంటారు. జాతర రోజు మా తాత తప్పెట మోగనిదే అమ్మవారు బయలుదేరదు. చర్మం మెత్తబడితే గడ్డిమంట వేసి కాచేవాళ్లు, అప్పుడది కణకణ మోగేది. ఊరంతా ఆ దెబ్బకు ఊగేది. మోగించినవాళ్లు మాత్రం గడప ఇవతలే నిలబడాలి, ప్రసాదం పైనుంచి వేయించుకోవాలి. పెద్దమ్మ మాటను నేను అరబ్బీలో చెబితే నూరా వంటింట్లోకి పరుగెత్తి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. పెద్దమ్మ స్టీలు పళ్లెం తిప్పి, రెండు గరిటెలతో మా తాత దెబ్బ వినిపించింది. ఆ ఇంట్లో పెద్దమ్మ పళ్లు కనిపించేలా నవ్వింది ఆ రోజే.

ఆ ఏడు ఎండాకాలంలో నూరా పినతల్లి కూతురి పెళ్లి కుదిరింది. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల హాలు వేరు. మగపురుగు రాదు, ఫొటోలు తీయనివ్వరు, అందుకే ఆడవాళ్లు ముసుగులు తీసి హాయిగా ఆడతారు. ఆ హాల్లో డోళ్లు కొట్టేది కూడా ఆడవాళ్లే, ఒక బృందంగా వస్తారు. ఎక్కువమంది నల్లవాళ్లు, వాళ్ల ముత్తవ్వలను ఒకప్పుడు ఓడల్లో బానిసలుగా తెచ్చారని నూరా చెప్పింది. వాళ్లు లేనిదే పెళ్లి పెళ్లి కాదు, అయినా ఏ పెద్ద ఇంటివాళ్లూ వాళ్లతో వియ్యమందరు. తాను వాళ్ల పక్కన తన ప్లేయర్ పెట్టి, వాళ్లు డోళ్లు ఆపిన చోట తన రికార్డు అందుకోవాలని, మళ్లీ వాళ్లకు అందివ్వాలని నూరా ఆశ. పెళ్లికూతురు ఒప్పుకుంది. డోళ్ల బృందం పెద్దావిడ కూడా ఒకసారి వచ్చి విని, తలాడించి పోయింది. ఏ రికార్డు ఎప్పుడో వరుస కట్టుకుని, నూరా రోజూ నన్ను కూర్చోబెట్టి వినిపించేది. ఇందాక చెప్పాను కదా, జాతర, డెట్రాయిట్, ఈ పెళ్లిహాలు, మూడు చోట్లా ఒకటే న్యాయం. వాయించేవాడు కావాలి, వాడి నీడ వద్దు. నూరా దాన్ని ఒక్క సాయంత్రానికైనా కలిపి కుట్టాలనుకుంది.

మామాకు అది గిట్టలేదు. నూరాకు సంబంధం వచ్చి ఉంది. పెళ్లికొడుకు తల్లీ అక్కలూ ఆ హాలుకే వస్తారు. డోళ్లు కొట్టేవాళ్ల పక్కన నిలబడి మోత మోగించే పిల్లను చూసి ఏమనుకుంటారు? తల్లీకూతుళ్లు నాలుగు రోజులు అరుచుకున్నారు. తర్వాత మామా అరవడం మానేసింది. నేను అమాయకురాలిని, కూతురు గెలిచిందనుకున్నాను.

పెళ్లికి ముందు వారంలో దుమ్ముగాలి వచ్చింది. ఆకాశం ఇటుకరంగుకు తిరిగి, కిటికీ సందుల్లోంచి కూడా మెత్తని ఇసుక కారి, పరుపుల మీదా పాత్రల మీదా మేట వేసింది. మర్నాడు ఇల్లంతా పైపు పెట్టి కడిగే పని. నూరా అప్పుడు ఆఫీసులో ఉంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. మామా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. “నజ్మా, నూరా గదిలో ఆ నల్లవన్నీ దుమ్ము పట్టాయి. సబ్బుతో కడుగు. పైన ఎండలో పెట్టు. కుల్లు.” కుల్లు అంటే అన్నీ. ఆ మాట రెండుసార్లు అంది. పెద్దమ్మా నేనూ కలిసి కడిగాం, కలిసి మిద్దె మీదికి మోశాం. పాత చీర పరిచాం. అంతలో మామా కిందినుంచి నన్ను కేకేసి ఇస్త్రీకి కూర్చోబెట్టింది. ఆ తర్వాత మిద్దె మీద ఉన్నది పెద్దమ్మ ఒక్కతే.

సాయంత్రం నూరా పైకి పోయి దిగి వచ్చింది. చేతిలో ఒక రికార్డు, అంచులు వంగిపోయి ఉంది. ఆమె ఏడవలేదు, అరవలేదు. హాల్లో మామా, సాలెం, వాళ్ల మేనత్త ఉన్నారు. సాలెం అది లాక్కుని నెత్తిన టోపీలా పెట్టుకున్నాడు. “ఎవరు చేశారు?” అంది నూరా, తల్లినే చూస్తూ. మామా నన్నూ పెద్దమ్మనూ పిలిచింది. “ఏం పని చేశావు నజ్మా?” అంది, ఏమీ ఎరగనట్టు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా ముంజేయి పట్టుకుంది, గాజు పగిలి గుచ్చుకునేంత గట్టిగా. పట్టుకుని, తనకు వచ్చిన ముక్కల అరబ్బీలో, రెండో చేత్తో తప్పెట కొడుతున్నట్టూ మంట మీద తిప్పుతున్నట్టూ చేసి చూపిస్తూ చెప్పింది. మా ఊళ్లో ఇలా కాస్తాం. కాస్తే బాగా మోగుతుంది. నూరాకు పెళ్లిలో బాగా మోగాలని కాచాను. సాలెం నేల మీద పడి దొర్లాడు. మేనత్త కళ్లు తుడుచుకుంది. మామా నవ్వింది. నూరా ఒక్కతే నవ్వలేదు. వారం తిరక్కుండా పెద్దమ్మకు టికెట్ తీశారు. ఖలాస్. నన్ను పనిలో ఉంచుకున్నారు.

పెళ్లిలో డోళ్లవాళ్లు వచ్చారు, వాయించారు. నేను కాఫీ కూజా పట్టుకుని గోడవారగా నిలబడ్డాను. నూరా పచ్చటి పట్టు గౌనులో కాబోయే అత్తగారి పక్కన కూర్చుంది. డోళ్లు ఆగిన ప్రతిసారీ ఆమె తల ఎత్తేది. డోళ్ల పెద్దావిడ కూడా ఒకటి రెండుసార్లు ఆమెవైపు చూసి, తర్వాత చూడడం మానేసింది.

ఇదంతా నిచ్చెన మీద ఒక్క క్షణంలో నా కళ్ల ముందు తిరిగింది. కింద ఎవరో కుర్రాడు టెక్నో ఎక్కడ పుట్టిందని అడిగాడు. సాలెం తడుముకోకుండా, “జర్మనీలో. బెర్లిన్‌లో గోడ కూలాక, పాడుబడ్డ గిడ్డంగుల్లో,” అన్నాడు. చుట్టూ అరల్లో అక్క రికార్డులు. కొన్ని ఆ రోజు ఎవరో స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయి బతికినవట, కొన్ని ఇతను తర్వాత కొన్నవి. వాటి అట్టల మీద డెట్రాయిట్ అని అచ్చేసి ఉంది. జర్మనీవాళ్లు ఆ సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నారు, నిజమే, కాదనను. కానీ పుట్టించినవాళ్లను వాళ్ల రికార్డుల మధ్యనే నిలబడి తుడిచేయడానికి ఎంత ధైర్యం కావాలి. సొమ్మొకడిది, సోకొకడిది. అక్క సంగీతం తనది చేసుకున్నాడు, నల్లవాళ్ల సంగీతం తెల్లవాళ్లకు రాసిచ్చాడు, అమ్మ చేసిన పని మా పెద్దమ్మకు అంటగట్టాడు. మూడింటికీ కలిపి ఒక కప్పు కాఫీ.

నేను నిచ్చెన దిగాను.

“సాలెం,” అన్నాను. బాబా అనలేదు, సార్ అనలేదు. అతను చుట్టూ చూసి, నన్ను చూసి, గుర్తు పట్టాడు. నిజంగానే సంతోషించాడు పాపం. “సూజీ! వల్లా, నువ్వేనా?” స్నేహితులవైపు తిరిగి, “చూడండి, ఆ నజ్మా చెల్లెలి కూతురు,” అన్నాడు, ఇంకో వస్తువు దొరికినట్టు.

“వాటిని కడగమని మీ అమ్మ చెప్పింది,” అన్నాను. “ఎండలో పెట్టమనీ చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను.”

నవ్వు మొహాలు అలాగే ఉన్నాయి, నవ్వు పోయింది. సాలెం గొంతు తగ్గించాడు. “అమ్మ పోయింది సూజీ. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. ఆమెకు ఏం తెలుసు? దుమ్ము పట్టిందని కడగమని ఉంటుంది.”

“ఈ దేశంలో పుట్టిన మనిషికి జూలై ఎండ తెలియదా? కారులో మరిచిపోయిన క్యాసెట్టు కరిగిందని డ్రైవర్‌ను ఆమె తిట్టడం నువ్వు చూడలేదా? నేను చూశాను. సరే, పోయినామె జోలికి రాను. బతికున్న మా పెద్దమ్మను ఆ గోడ మీది నుంచి దించు.”

“అందులో ఆమె పేరు లేదు కదా. ఎవరికి తెలుస్తుంది?”

“పేరున్నప్పుడు మీరు పలకలేదు. నాకు తెలుస్తుంది.”

“నూరాకు కూడా ఈ కథంటే ఇష్టమే. ఈ రికార్డు నాకు ఇచ్చిందే ఆమె.”

“నూరా మళ్లీ ఎప్పుడైనా వాయించిందా?”

అతను ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. “నూరాకు నలుగురు పిల్లలు,” అన్నాడు.

అది జవాబు అని అతను అనుకోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. దాన్ని దించితే తెరలు కడతాను, లేకపోతే నా తెరలు నేను తీసుకుపోతాను అన్నాను. ఎల్లుండి షాపు తెరవాలని, బాషాకు ఫోన్ చేస్తానని బెదిరించాడు. చెయ్యమన్నాను. యల్లా, పో, అన్నాడు చివరికి, నవ్వుతూనే, స్నేహితుల ముందు చిన్నబోకూడదు కదా. కట్టిన కడియాలు కూడా ఊడదీసి, మఖ్మల్ అంతా మడిచి టాక్సీలో వేసుకుని వచ్చాను. సముద్రం పక్క రోడ్డు మీద ఫహాహీల్ దాకా ఆ మూట ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఒక సంగతి మాత్రం గర్వంగా ఉండింది. ఆ రోజు నా నోరు మూయించిన పెద్దమ్మ మీద కూడా నాకు ఇన్నేళ్లుగా లోలోపల కోపమే. ఆమె మూయించిన మాట ఈ రోజు అన్నాను అనుకున్నాను.

గదికి రాగానే ఆమెకు ఫోన్ చేశాను. పెద్దమ్మ ఇప్పుడు రాయచోటి దగ్గర కొడుకు ఇంట్లో ఉంటుంది, చెవి కొంచెం మందం, స్పీకర్ పెట్టుకుని మాట్లాడుతుంది. అంతా చెప్పాను. చట్రం, దీపం, నవ్వులు, తెరలు. “నిన్ను పిచ్చిదాన్ని చేసి చెప్పుకుంటున్నారు పెద్దమ్మా. తప్పెట కాచినట్టు కాచిందంట అని. వాళ్లమ్మ చెప్పిందని మొహం మీదే అన్నాను.”

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

“యాల అంటివిమే,” అంది నెమ్మదిగా. “ఆ తప్పెట మాట నేనే గదా పుట్టించింది.”

“అంటే?”

“మొదటి ప్లేటు పెడ్తానే అంచు లేచె. నాకు కండ్లు లేవా? ఉరుక్కుంటా పోయి మామాకు చూపిస్తి. ఇది వంగిపోతాండాది మామా, వద్దు అని. ఆయమ్మ దాన్ని చేతిలోకి తీస్కొని చూసె. చూసి నాకే ఇచ్చె. పో, మిగతావీ పెట్టు అనె. కుల్లు అనె.” గొంతు సవరించుకుంది. “పెడ్తి.”

కుట్టుమిషను ముందరి స్టూలు మీద కూర్చున్నాను. ఆమె తెలియక చేయలేదు. తెలిసి, ఒక్కొక్కటే తన చేత్తో ఆ చీర మీద పరిచింది. గోడకు అరచేయి ఆనించి విన్న మనిషి, మా నాయన దెబ్బే అన్న మనిషి. అవి వంగుతుంటే చూస్తూ పరిచింది. ఇంతకాలం నేను అడ్డం పడి కాపాడాలనుకున్నది ఒక అమాయకురాలిని. అలాంటి మనిషి లేనే లేదు.

“మరి హాల్లో తప్పెట అని ఎందుకన్నావు?”

“నిజం చెప్తే తల్లీబిడ్డా కొట్టుకుంటారు. మధ్యలో మనిద్దర్నీ పంపిస్తారు. ఏమీ చెప్పకుంటే పగబట్టి చేసినానంటారు, పోలీసులంటారు. నగేట్టు ఏదో ఒకటి చెప్తే అయిపోతాది. నగినోళ్లు ఇంక ఏమీ అడగర్మే. నేనొక్కదాన్నే పోతి. నువ్వు ఉంటివి.”

నేను ఉన్నాను. నాలుగేళ్లు నిండేదాకా. ఆ ఇంటి జీతంతోనే కుట్టుపని నేర్చుకున్నాను, ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, మార్చుకున్నాను, ఈ షాపుకు వచ్చాను. నాకు కోపం తగ్గలేదు, ఇప్పుడు దానికి చోటు చాలడం లేదు, అంతే. మామా మీద ఉన్నది రెట్టింపు అయింది. పెద్దమ్మ మీద ఉన్నది ఏం చేసుకోవాలో తెలియలేదు. గొంతు పెంచి, ఆ చెవి మందం మనిషి మీద అరిచాను.

“అన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? కనీసం నాకు చెప్పొచ్చు కదా!”

“చెప్పుంటే నువ్వు ఆ ఇంట్లో అన్నం తింటావా?” అంది.